సింగిల్ సైడ్ ప్రింటు

మొన్న ఆదివారం మా అమ్మాయి ప్రాజెక్టు కోడు ప్రింట్ తీయించడానికి అమీర్‌పేట వెళ్ళా. మా ఇంటి దగ్గర జిరాక్స్ షాపులు లేక కాదు, ఒకటి మూసేసి ఉంది, ఇంకోదాంట్లో కరెంటు లేదు, మెట్రో ఎక్కితే మూడు స్టేషన్లే కదా అని బయల్దేరా. మైత్రీవనం వెనక సందులో ఓ చిన్న షాపు, నిలబడ్డానికి కూడా చోటు లేదు, కౌంటర్ మీద స్పైరల్ నోట్సులు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. కుర్రాడు ఫైలు వాట్సాప్‌లో పంపమన్నాడు, పంపా, మిషను గుర్రుమంటూ ఒక్కో కాగితం బయటికి తోస్తోంది. మొదటిది చేతిలోకి తీసుకున్నా. అప్పుడే పెనం మీంచి దించిన పుల్కాలా వెచ్చగా ఉంది. ఆ వెచ్చటి ఇంకు వాసన ముక్కుకి తగిలిందో లేదో, పాతికేళ్ళు వెనక్కి పోయా. అక్కడే, ఆ సందులోనే, భుజానికి రెగ్జిన్ బ్యాగుతో.

ప్రింట్ ఎందుకంటే, అమ్మాయి బీటెక్ థర్డ్ ఇయర్. సెలవు రోజులకి తగ్గించి హాస్టల్ మెస్ బిల్లులు లెక్కేసే ప్రోగ్రాం ఒకటి చేస్తోంది, చేస్తోంది అంటే ఏఐ చేత రాయించింది. దాచుకోలేదులెండి, తనే చెప్పింది. అంతా బాగానే రన్ అవుతోంది కానీ లిస్టులో కిందికి పోయేకొద్దీ పిల్లల బిల్లులు తగ్గిపోతున్నాయి, చివరి పదిమందికైతే మైనస్‌లో వస్తోంది. అంటే మెస్సే వాళ్ళకి ఎదురు డబ్బులివ్వాలన్నమాట. ఏఐని మూడు సార్లు అడిగిందట, మూడు సార్లూ సారీ చెప్పి మూడు రకాలుగా మార్చిచ్చింది, మైనస్ మాత్రం అలాగే ఉంది. "నాన్నా, నువ్వు చూడు ఒకసారి" అంది. ప్రింట్ తీయిద్దాం పద అన్నా. నన్ను మ్యూజియంలో వస్తువుని చూసినట్టు చూసింది.

*

మా డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అంటే గుడి లెక్క. చెప్పులు బయట విప్పాలి. కాలేజీ మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే, ప్రిన్సిపాల్ గారికి కూడా ఫ్యానే. ఎండాకాలం పెద్దగా పనిలేని లెక్చరర్లు కూడా వచ్చి వెనకాల కుర్చీల్లో కూర్చుని పేపరు చదువుకునేవాళ్ళు. కంప్యూటర్లు ఎనిమిది, పనిచేసేవి ఆరు, ఎంపీసీఎస్ గ్రూపులో మేం ముప్పై మందిమి. ఒక్కో మిషనుకి ఐదుగురు, కీబోర్డు ఒకడిది, మిగతా నలుగురం వాడి భుజాల మీంచి తొంగిచూస్తూ "సెమికోలన్ రా, సెమికోలన్" అని అరవడమే. సి భాషలో ప్రోగ్రాములు రాసే టర్బో సి నీలం స్క్రీను, పసుపు అక్షరాలు, ఎఫ్9 కొడితే కంపైలు, అంటే మనం రాసింది మిషను భాషలోకి మారడం, ఆల్ట్ ఎఫ్5 కొడితే నల్లటి తెర మీద ఆన్సరు. ఫ్లాపీని రికార్డు బుక్కు మధ్యలో పెట్టుకుని, అయస్కాంతం తగిలితే అంతా పోతుందని, బస్సులో స్పీకరు ఉన్న వైపు కూర్చోకుండా తెచ్చుకునేవాళ్ళం. 1.44 ఎంబీ ఫ్లాపీ. ఇప్పుడు నా ఫోన్లో ఒక్క ఫొటో అందులో పట్టదు.

ల్యాబ్ అసిస్టెంటు గారు భలే కచ్చితమైన మనిషి. ప్రోగ్రాం ముందు కాగితం మీద రాయాలి, దానికి డ్రై రన్ చెయ్యాలి, అంటే ఒక్కో వేరియబుల్‌కి ఒక్కో గడి గీసి లైను లైనుకీ అందులో విలువ ఎలా మారుతోందో రాసుకుంటూ పోవాలి, అది చూపించి సంతకం పెట్టించుకుంటేనే కుర్చీ. కాగితానికి ఒకవైపు ప్రోగ్రాం, వెనకాల గడులు. మేం ఏం చేసేవాళ్ళమంటే, ఒకడు చేసింది ముప్పై మందిమీ దించేసేవాళ్ళం. రికార్డులో అవుట్‌పుట్ కూడా చేత్తోనే రాసేవాళ్ళం, రన్ కాని ప్రోగ్రాంకి కూడా అందమైన అవుట్‌పుట్ రాసి ఎర్ర పెన్నుతో గీత కొట్టిన రోజులున్నాయి.

నేను బట్టీలో ఫస్టు. ప్రైమ్ నంబర్లు, ఫిబొనాచి, పాలిండ్రోమ్, ఏది అడిగినా కళ్ళు మూసుకుని రాసేస్తా. ఫైనల్ ప్రాక్టికల్స్‌లో నాకు ఆర్మ్‌స్ట్రాంగ్ నంబరు వచ్చింది. 153 ఉంది కదా, ఒకటి ఘనం ఒకటి, అయిదు ఘనం 125, మూడు ఘనం 27, కూడితే మళ్ళీ 153, అదీ సంగతి. రెండు నిమిషాల్లో కొట్టేసి చేతులు కట్టుకు కూర్చున్నా. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు చూసి నవ్వి, "బాగుంది, ఇప్పుడు నాలుగంకెల వాటికి చెయ్యి బాబూ" అన్నారు. నేను వెయ్యి నుంచి తొమ్మిది వేల తొమ్మిదొందల తొంభై తొమ్మిది దాకా లూపు మార్చి రన్ కొట్టా. ఒక్క నంబరూ రాలేదు. మళ్ళీ కొట్టా. నల్లటి తెర, మూలన మిణుకుమిణుకుమనే గీత, అంతే. నాలుగంకెలంటే ఘనం కాదు, నాలుగో ఘాతం వెయ్యాలని నాకు తట్టలేదు, ఎందుకంటే అక్కడ ఘనం ఎందుకుందో నాకు ఎప్పుడూ తెలీదు. ఆయన ఏమీ అనకుండా 1634 అని కాగితం మీద రాసి వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళి లెక్కేసా, ఒకటి, 1296, 81, 256. కరెక్టుగా 1634. ఏడుపొచ్చింది.

*

డిగ్రీ అయ్యాక ఖాళీగా ఉన్న రోజుల్లో తణుకు దగ్గర ఓ రైసు మిల్లులో ప్రోగ్రాం రాసే పని దొరికింది. ఓనరు గారు పరువు కోసం కంప్యూటర్ కొన్నారు, దానికి కుంకుమ బొట్టు పెట్టి దుప్పటి కప్పి ఉంచారు. ఆఫీసు గదంతా ఊక వాసన, తవుడు వాసన, పక్కనే మిల్లు ఆడుతుంటే బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణుకుతుండేవి. మౌస్‌లోని బంతికి ఊకదుమ్ము పట్టి రోజుకోసారి తీసి తుడవాల్సొచ్చేది. రైతులకి రోజువారీ ఇచ్చిన డబ్బులు ఎక్కించి సాయంత్రానికి టోటల్ చూపించే ప్రోగ్రాం, ఎంతలో పని, సి లోనే రాసేసా. నూరు, రెండొందలు, యాభై అని ఓ పది అంకెలు కొట్టి చూసుకున్నా, టోటల్ సరిగ్గా వచ్చింది, అయిపోయింది పో అనుకున్నా.

అక్కడ గుమాస్తా గారు ఒకాయన ఉండేవారు, పంచె, చెవిలో పెన్సిలు, వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ చిట్టాలో పేజీ మొత్తం ఒక్క ఊపులో కూడేసేవారు. మొదటి రోజు సాయంత్రం నేను దర్జాగా టోటల్ కొట్టా. స్క్రీన్ మీద మైనస్ 24286 అని పడింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇదేంటి బాబూ ఈ అడ్డగీత? ధాన్యం కొని డబ్బులిచ్చింది మనం, రైతులు మనకే బాకీ అంటోందా ఇది?" అన్నారు. ఆయన చిట్టాలో 41250 అని ఉంది.

నాకు ముచ్చెమటలు పట్టాయి. అప్పటి టర్బో సి లో అంకె దాచుకునే ఇంట్ అంటే రెండు బైట్లే, 32767 దాకానే లెక్కపెడుతుంది, అది దాటితే గిర్రున తిరిగి మైనస్‌లోకి పోతుంది. 41250 లోంచి 65536 తీసేస్తే సరిగ్గా మైనస్ 24286. ఈ ముక్క పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకి రాసా కూడా! రాత్రికి రాత్రి ఇంట్ తీసేసి ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్ పెట్టా, పొద్దున్నే రన్ కొట్టా, మళ్ళీ అదే మైనస్ 24286. మిల్లులో దెయ్యం ఉందేమో అనుకున్నా నిజంగా. మూడు రోజులు పట్టింది. లోపల లెక్క సరిగ్గానే జరుగుతోంది, చూపించే చోట ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్ డి అలాగే ఉండిపోయింది, పర్సెంట్ ఎల్‌డి పెట్టాలి, లేకపోతే అది సగం ముక్కే తీసి చూపిస్తుంది. అది దొరికింది కంప్యూటర్ ముందు కాదు, గుమాస్తా గారి పక్కన నేల మీద కూర్చుని. ఆయన "యంత్రాన్ని వదిలెయ్, నువ్వు ఏం చెయ్యమన్నావో నాకు చెప్పు, నేను వేస్తా" అని చిట్టా వెనక పేజీ తీసి పెన్సిలు పట్టుకున్నారు. నేను ఒక్కో లైనూ తెలుగులో చెబుతున్నా, ఆయన వేస్తున్నారు. చివరి లైను చదివి చెప్పేటప్పుడు నా నోరే ఆగిపోయింది. ల్యాబ్ అసిస్టెంటు గారు అడిగిన డ్రై రన్ జీవితంలో మొదటిసారి చేసింది అక్కడే.

*

ఆ తర్వాత తాడేపల్లిగూడెంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్. వైటూకే సీజను, అంటే రెండంకెల్లో రాసిన సంవత్సరం 2000 రాగానే 1900 అయిపోతుందని పాత ప్రోగ్రాములన్నీ రిపేరు చేయించే రోజులు. ఆ పాత ప్రోగ్రాముల భాష కోబాల్ వస్తే చాలు అమెరికా అని ఊళ్ళో కిరాణా కొట్టాయన కూడా చెప్పేవాడు. రూములో ఆరుగురం, మూడు పరుపులు. ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో అన్నపూర్ణ బ్లాకు, నీలగిరి బ్లాకు, గోడ కనపడకుండా కంప్యూటర్ కోచింగుల బోర్డులూ బ్యానర్లూ, నడుస్తుంటే చేతిలో పాంప్లెట్లు కుక్కేవాళ్ళు, ఫుట్‌పాత్ మీద మెటీరియల్ కుప్పలు, మిర్చి బజ్జీల నూనె, జిరాక్స్ మిషన్ల వేడి, అన్నీ కలిసి ఓ వాసన. సత్యం థియేటర్ దగ్గర టీ తాగి ఆరింటి బ్యాచ్‌కి పరిగెత్తేవాళ్ళం (ఇప్పుడక్కడ మల్టీప్లెక్స్ వచ్చింది). క్లాసులో నూటయాభై మంది, సారు మైకులో చెప్పేవారు, లేటుగా వస్తే మెట్ల మీద కూర్చుని వినడమే. మొదటి మూడు రోజులు డెమో ఫ్రీ కాబట్టి డెమోలతోనే కోర్సు సగం లాగించేసిన మహానుభావులు మా రూములోనే ఇద్దరున్నారు.

కోబాల్ చెప్పడానికి సారు ఉన్నారు, నడపడానికి మెయిన్‌ఫ్రేమ్ అనే ఆ పెద్ద కంప్యూటర్ ఎక్కడిది? ల్యాబ్ ఫీజు విడిగా కడితే పీసీ మీద ఓ గంట ఇచ్చేవాళ్ళు, ఆ డబ్బులు నా దగ్గర లేవు. సారు మాత్రం ఒక పని చేసేవారు. బోర్డు మీద ప్రోగ్రాం రాసి, "ఇప్పుడు కంప్యూటర్ నువ్వే, లే" అని ఎవర్నో లేపి లైను లైనూ చెప్పించేవారు. ఓసారి నన్ను లేపారు. ఇఫ్ కింద, అంటే ఫలానాది నిజమైతేనే చెయ్యి అనే షరతు కింద, రెండు లైన్లున్నాయి, మొదటి లైను చివర చుక్క ఉంది, రెండో లైనూ దానికింద లోపలికి జరిపే రాసి ఉంది. రెండూ ఇఫ్ లోవే అన్నా. "చుక్క కనపళ్ళేదా?" అన్నారు. కోబాల్‌లో ఫుల్‌స్టాప్ పడితే ఇఫ్ అక్కడితో సరి, రెండో లైను నిజమైనా అబద్ధమైనా నడిచిపోతుంది. "నువ్వు చూసింది ఏంటో తెలుసా, రాసినోడి మనసు. కంపైలర్‌కి మనసుతో పనిలేదు, అది చుక్క చూస్తుంది" అన్నారు. నూటయాభై మంది ముందు చెవులు ఎర్రబడ్డాయి గానీ ఆ రోజు నుంచి చుక్కలు చూడ్డం అలవాటైంది.

మధ్యలో, 1998 నవంబర్‌లో వాజ్‌పేయి గారు వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు కదా, తర్వాత ఓ ఆదివారం రూమ్మేట్లందరం బస్సెక్కి చూడ్డానికి వెళ్ళాం. రాళ్ళగుట్టల మధ్య గుండ్రంగా, అద్దాలతో. వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. ఫొటో దిగి వచ్చేశాం.

*

ఉద్యోగం వచ్చింది ఓ చిన్న కంపెనీలో, అమెరికాలో ఎవరిదో ఇన్సూరెన్స్ కోడు, వైటూకే రిపేరు. నాకు రోజుకి ఇన్ని ప్రోగ్రాములని లెక్క, రెండంకెల సంవత్సరం కనపడిన చోటల్లా సరిచెయ్యాలి. సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యాలంటే ఫైళ్ళన్నీ మార్చాలి, అంత టైము లేదు, అందుకని కిటికీ పద్ధతి: 00 నుంచి 49 దాకా వస్తే ముందు 20 అనుకో, 50 నుంచి 99 అయితే 19 అనుకో. నేను యమా స్పీడు. అందరూ పది చేస్తే నేను పదిహేను.

మా మాడ్యూలుకి మేడమ్ ఒకావిడ ఉండేవారు. మా అమ్మ వయసు, నేత చీర, టిఫిన్ బాక్సు, టీవీఎస్ మీద వచ్చేవారు. అంతకుముందు ఏదో ప్రభుత్వ రంగ సంస్థలో పంచ్ కార్డుల రోజుల నుంచీ పనిచేశారట. ఒక్కో కార్డుకి 80 గళ్ళు, ఒక్కో కార్డు ఒక్కో లైను, పెద్ద ప్రోగ్రాం అంటే కార్డుల పెట్టె మొయ్యాలి, చెయ్యి జారి కింద పడితే వరస గోవిందా. అందుకని ఆవిడ కార్డుల కట్ట అంచు మీద స్కెచ్ పెన్నుతో ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలు గీత గీసేసేవారట, పడిపోయినా ఆ గీత చూసి మళ్ళీ పేర్చుకోవచ్చని. గళ్ళు పొదుపుగా వాడే ఆ అలవాటే సంవత్సరంలో 19 ఎగరగొట్టింది, మీ ఉద్యోగాలకి మా పిసినారితనమే పెట్టుబడి అనేవారు నవ్వుతూ.

ఆవిడ కోడు స్క్రీన్ మీద చూసేవారు కాదు. లిస్టింగు కావాలి. పక్కన చిల్లులున్న వెడల్పాటి కాగితం, ఒక లైను ఆకుపచ్చ ఒక లైను తెలుపు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కీచుమంటూ అరగంట కొట్టేది, ఆ చప్పుడుకి ఫోన్లో మాట్లాడేవాళ్ళు బయటికి పోయేవాళ్ళు. కాన్ఫరెన్సు హాల్లో బల్ల జరిపేసి నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకి పరిచేవారు. ఫ్యాన్ ఆపమనేవారు. చేతిలో ఎర్ర పెన్సిలు, మోకాళ్ళ మీద జరుగుతూ ఇక్కడి పేరా నుంచి అక్కడికి గీతలు లాగేవారు. ప్రోగ్రాంని ఉన్నచోటి నుంచి ఇంకెక్కడికో దూకించే గో టు కనపడితే పళ్ళు కొరికేవారు, డైక్‌స్ట్రా అనే పెద్దమనిషి 1968లోనే వద్దని మొత్తుకున్నాడు నాయనా, ఒక్కడైనా వింటేగా అని. మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం, మేడమ్ కుట్టుమిషను నేర్పుతున్నారు రోయ్ అని.

ఓ రోజు నా ప్రోగ్రాం పరిచారు. నా పదిహేనులో ఒకటి. ఓ చోట ఆగి, "ఈ ఫీల్డు ఏంటి?" అన్నారు. డేటండీ, విండో పెట్టేశా అన్నా. "ఏం డేటు?" చూశా. పుట్టినతేదీ. "ఈయన 22లో పుట్టాడు, పెన్షను తీసుకుంటున్నాడు. నీ లెక్కలో ఎప్పుడు పుడతాడు?"

2022.

ఇంకా పుట్టని మనిషికి పెన్షను. ఆ పదిహేనే కాదు, ఆ నెలంతా నేను చేసినవి తీసి పరిచా, పుట్టినతేదీలు ఉన్నవి పదకొండు దొరికాయి. తిట్టలేదు ఆవిడ. తిడితే బాగుండేది. పెన్సిలు నా చేతికిచ్చి పక్కన కూర్చున్నారు, టిఫిన్ బాక్సు తీసి పులిహోర సగం మూతలో పెట్టిచ్చారు. రెండు రోజులు ఆ నేల మీదే గడిపా. రోజుకి పదిహేను చేసేవాణ్ణి నాలుగుకి పడిపోయా, మేనేజరు గారు అడిగితే ఆవిడే ఏదో సర్దిచెప్పారు.

ఇంకోసారి రాత్రి నడవాల్సిన ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయింది, ఎస్ జీరో సీ సెవెన్, మేం సాక్ సెవెన్ అనేవాళ్ళం. అంకె ఉండాల్సిన చోట చెత్త ఉందని దానర్థం. డంపు అంటే ఆగిపోయినప్పుడు మెమరీలో ఉన్నదాని ప్రింటు, పేజీల కొద్దీ అంకెలూ అక్షరాలూ, చీమల బారు. నేను తెల్లమొహం వేశా. ఆవిడ వేలు జరుపుకుంటూ పోయి ఓ చోట ఆపారు. "40 40 40 40. ఇదేంటి?" నాకు తెలీదు. "మెయిన్‌ఫ్రేమ్‌లో 40 అంటే ఖాళీ జాగా. ప్రీమియం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా రాసే ఉంటుంది, చూడ్డం రావాలి." ఆ తర్వాత చాలా ఏళ్ళు చాలా కంపెనీల్లో చాలామంది దగ్గర పనిచేశా, అలా చూపించినవాళ్ళు మళ్ళీ దొరకలేదు.

31 డిసెంబరు రాత్రి అందరం ఆఫీసులోనే. బిరియాని ప్యాకెట్లు, ఓ టీవీ. మనకి పన్నెండు కొట్టింది, లైట్లు ఆరలేదు, ఫోన్లు పనిచేశాయి, చప్పట్లు కొట్టుకున్నాం. కానీ మా కస్టమరు ఉన్నది న్యూయార్క్ టైములో, వాళ్ళకి పన్నెండు అంటే మనకి మర్నాడు పొద్దున పదిన్నర. అప్పటిదాకా కుర్చీల్లో నిద్ర. పదిన్నరకి కూడా ఏమీ కాలేదు. మేడమ్ బ్యాగు సర్దుకుంటూ "ఫిబ్రవరి 29 ఉంది ఇంకా" అన్నారు. వందతో భాగించబడే సంవత్సరం లీపు కాదు, నాలుగొందలతో భాగించబడితే లీపే, 2000 లీపే. మా కోడులో రెండు చోట్ల అది తప్పుంటే ఆవిడ ముందే పట్టేశారు, ఎర్ర పెన్సిలుతో. ఏమీ జరగని రోజు కోసం అంత కష్టపడ్డామని ఎవరికీ చెప్పుకోలేం, ఇంట్లోవాళ్ళు కూడా "అంతా గ్యాసేనటగా" అన్నారు.

తర్వాత పని అయిపోయింది, కంపెనీ ఖాళీ అయింది, డాట్‌కామ్ కూలింది, నేను ఏడు నెలలు ఊళ్ళో కూర్చుని జావా నేర్చుకున్నా. మేడమ్ నంబరు లాండ్‌లైను, అది మారిపోయింది.

*

"అంకుల్, సింగిల్ సైడా, బ్యాక్ టు బ్యాకా?" కుర్రాడు రెండోసారి అడుగుతున్నాడు, నేను మొదటి కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డా. బ్యాక్ టు బ్యాక్ అయితే సగం డబ్బులే అని మర్యాదగా చెప్పాడు కూడా.

"సింగిల్ సైడే. వెనక తెల్లగా ఉండాలి."

"స్పైరల్ వెయ్యనా?"

"వద్దు బాబూ, పరవాలి."

ముప్పై ఏడు పేజీలు. ఇంటికొచ్చి సోఫా జరిపి హాల్లో పరిచా, ఫ్యాన్ ఆపేసా. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, ఏం అనాలో తెలీక మళ్ళీ లోపలికెళ్ళిపోయింది. అమ్మాయి మొదట ఫోన్ చూసుకుంటూ కూర్చుంది, ఓ పావుగంటకి దిగి వచ్చింది. పైథాన్ నాకూ పెద్దగా రాదు, తప్పెక్కడుందో నిజంగా నాకూ తెలీదు. ఓ కాగితం తిప్పి గడులు గీసి పెన్సిలు తన చేతికిచ్చా. నువ్వు కంప్యూటర్, నేను చదువుతా అన్నా.

మొదటి స్టూడెంటు, సెలవుల లిస్టు ఖాళీ, మూడు రోజులు సెలవు, ఎక్కించింది, బిల్లు సరిపోయింది. రెండో స్టూడెంటు. ఫంక్షన్ మొదటి లైను చదివా, సెలవుల లిస్టు ఇవ్వకపోతే ఖాళీ లిస్టు అనుకో అని ఉంది. తను గడిలో సున్నా వెయ్యబోయి ఆగింది. పదో పేజీ దగ్గరికి మోకాళ్ళ మీద జరిగి వెళ్ళి చూసింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నాన్నా, ఈ ఖాళీ లిస్టు ప్రతిసారీ కొత్తది పుడుతుందా, ఒకటేనా?"

నేనేం మాట్లాడలేదు. తను వెయ్యబోయిన సున్నా చెరిపేసి ఆ గడిలో మూడు వేసింది, పక్కన ఆ రెండో అబ్బాయి సెలవులు నాలుగు కలిపింది, ఏడు. మూడో వాడి గడి మీద పెన్సిలు పెట్టింది. ఇద్దరికీ చెమట కారిపోతోంది, ఫ్యాన్ వెయ్యమని తనూ అడగలేదు.